నోటితో ఆపిన లిఫ్టు

అతన్ని అందరూ భద్రం అంటారు. అది కన్నవాళ్ళు పెట్టిన పేరు కాదు. లిఫ్టులు బాగుచేసే పనిలో చేరిన కొత్తలో ఎవరు నిచ్చెన ఎక్కినా, ఎవరు తలుపు తీసినా, చివరికి ఎవరు వేడి టీ గ్లాసు అందుకున్నా 'భద్రం, భద్రం' అనేవాడు. ఆ మాట అతనికే అంటుకుపోయింది. విసుగొచ్చినప్పుడు భార్య కూడా 'భద్రంగారూ' అని సాగదీసి పిలుస్తుంది.

ఇంత పిరికివాడు ఆ పనిలోకి ఎందుకొచ్చాడంటే, బావ తీసుకొచ్చాడు. అక్క మొగుడు. పని నేర్పింది ఆయనే, చర్చి దారి పట్టించాలని చూసిందీ ఆయనే. పని నేర్చుకున్నాడు గానీ చర్చి మాట ఎత్తితే మాత్రం, "వారానికి ఒక్కరోజే కదా బావా నేను నిద్రపోయేది" అని తప్పించుకునేవాడు. బావ నవ్వి ఊరుకునేవాడు. పట్టుపట్టే మనిషి కాదు.

ఆ బావ ఒకరోజు షాఫ్టులో పోయాడు. లిఫ్టు పెట్టె పైకీ కిందికీ తిరిగే ఇరుకు బావిని వాళ్ళు షాఫ్టు అంటారు. ఎలా జరిగిందో చూసినవాళ్ళు లేరు. కదలకూడనప్పుడు పెట్టె కదిలింది, అంతవరకే తెలుసు.

మరుసటి ఆదివారమే భద్రం చర్చిలో కనిపించాడు. దుఃఖం మనిషిని దేవుడి దగ్గరికి చేర్చిందని పెద్దవాళ్ళు కళ్ళు తుడుచుకున్నారు. దుఃఖం లేదని కాదు. కానీ అతన్ని ఆ మెట్లెక్కించింది వణుకు. అంత భక్తిపరుడికే ఆ గతి పడితే ఏ అండా లేని నా సంగతేమిటి అనుకున్నాడు. ఈ తర్కంలో తిరకాసు ఎక్కడుందో చిన్నపిల్లలు కూడా చెప్పగలరు. అండ ఉన్న బావకి ఏమైందన్న ప్రశ్న అందులోకి రాలేదు, అతను రానివ్వలేదు. ప్రాణభయం పట్టుకున్నవాడికి తర్కం సరిచూసుకునే తీరిక ఎక్కడిది?

అప్పటినుంచి ఏ షాఫ్టు ముందు నిలబడినా ప్రార్థన చేయనిదే కాలు లోపల పెట్టేవాడు కాదు. బావ ప్రార్థన ఒక్క ఊపిరిలో అయిపోయేది. బహుశా అందుకే చాల్లేదేమోనని భద్రం తన ప్రార్థనకి ఏటేటా కొత్త ముక్కలు అతికించుకుంటూ వచ్చాడు. కాళ్ళు, చేతులు, వేళ్ళు విడివిడిగా అప్పగించేవాడు. బూట్లు జారకూడదు, తలుపు పడకూడదు, పెట్టెకి ఎదురుగా పైకీ కిందికీ తిరిగే ఎదురుబరువు చట్రం తగలకూడదు. పైన మోటారు గదిలో ఉండే అతని జోడీని అందరూ మోటారు అనే పిలిచేవారు. అతను విని విని విసిగిపోయి, "మామా, నట్లూ బోల్టులూ మర్చిపోయావు" అని పైనుంచి కేకేసేవాడు.

చర్చిలో మాత్రం భద్రానికి మంచి పేరు. కుర్చీలు వేసేది అతనే, చివర్న దీపాలు ఆర్పేదీ అతనే. ఒకసారి జ్వరమొచ్చి ఆదివారం ఆరాధనకి వెళ్ళలేకపోయాడు. జ్వరం తగ్గినా సోమవారం పనికి సెలవు పెట్టాడు. ఎందుకని భార్య అడిగితే నీరసంగా ఉందన్నాడు. నీరసం కాదని ఆవిడకి తెలుసు, అడిగి లాభం లేదనీ తెలుసు.

ఇలా ఎన్నేళ్ళైనా గడిచిపోయేవే. కూతురు అడ్డం తిరిగింది.

ఒక్కతే కూతురు. కాలేజీలో చేరింది. వచ్చే ఆదివారం నీళ్ళలో మునిగి బాప్తిస్మం తీసుకోవాలి. దానికి ముందు పాస్టరుగారు పిల్లలందరినీ కూర్చోబెట్టి వారంవారం పాఠం చెప్పేవారు. ఆఖరి పాఠం నుంచి వచ్చిన పిల్ల కంచం ముందు కూర్చుని ముద్ద కలుపుతూనే ఉంది, నోట్లో పెట్టుకోలేదు.

"ఏమైందే?" అంది తల్లి.

"బాప్తిస్మం ఎందుకు కావాలో ఒక్కొక్కళ్ళని చెప్పమన్నారు అయ్యగారు. నేను, మా నాన్నకి ఏమీ కాకూడదని అన్నాను."

భద్రానికి ఒళ్ళు పులకరించింది. తండ్రి అన్నాక ఆ మాట విని పొంగిపోకుండా ఉంటాడా? "మంచి మాటే కదమ్మా" అన్నాడు.

"అయ్యగారు కూడా అదే అన్నారు. తర్వాత ఇంకోటి అడిగారు. మరి నాన్నకి ఏమైనా అయితే ప్రభువుని ఏం చేస్తావమ్మా అన్నారు."

తల్లి గరిటె గిన్నెలో పెట్టేసింది.

"నేను చెప్పలేకపోయాను" అంది పిల్ల. "వదిలేస్తానేమో నాన్నా. నిజంగానే. నాకే భయమేసింది." తండ్రి మొహంలోకి చూసింది. "నువ్వెందుకు నమ్ముకున్నావు నాన్నా? ఎప్పుడూ చెప్పలేదు."

భద్రం కూర గిన్నె పిల్ల వైపు జరిపాడు. "ముందు తిను" అన్నాడు.

"తింటాను. నువ్వు చెప్పాకే నీళ్ళలో దిగుతాను."

ఆ పిల్ల మొండిది కాదు, అడిగిందానికి జవాబు కావాలనే రకం. ఈ రకంతోనే కష్టం.

మర్నాటినుంచి భద్రం మనిషి మనిషిలా లేడు. ప్రేమతో నమ్ముకున్నానమ్మా అంటే సరిపోతుంది, చర్చిలో సగంమంది చెప్పే మాట అదే. నోటిదాకా వచ్చేది, అక్కడ ఆగిపోయేది. అబద్ధం చెప్పి పిల్లని నీళ్ళలోకి దింపితే ఆ పాపం తనకే తగులుతుందని భయం. నిజం చెబితే పిల్ల వెనక్కి పోతుందని భయం. ముందు నుయ్యి, వెనక గొయ్యి.

వాళ్ళ పనిలో తాళ్ళు పరీక్షించడానికి ఒక పద్ధతుంది. లిఫ్టుని మోసేవి ఇనుప తీగలు పేనిన తాళ్ళు. ఒక గుడ్డపీలికని తాడు చుట్టూ వదులుగా పట్టుకుని పెట్టెని నెమ్మదిగా నడుపుతారు. ఎక్కడైనా సన్నతీగ తెగి ఉంటే దాని మొన గుడ్డకి తగులుకుంటుంది. కంటికి నున్నగా కనిపించే తాడు కూడా గుడ్డకి దొరికిపోతుంది. ఆ వారమంతా భద్రం తన భక్తి చుట్టూ అలాంటి గుడ్డే పట్టుకు కూర్చున్నాడు. కుర్చీలు ఎందుకు వేస్తున్నాను? భయం. మోకాళ్ళ మీద ఎందుకు పడుతున్నాను? భయం. పొరుగువాళ్ళతో తగువు ఎందుకు పెట్టుకోను? మంచితనం కాదు, దేవుడి లెక్కలో తగ్గుతుందేమోనని భయం. గుడ్డ ప్రతిచోటా పట్టేసుకుంది.

ఒక్కచోట మాత్రం కదలకుండా ఇరుక్కుపోయింది. కూతురికి బాప్తిస్మం కావాలని తను అంత తొందరపడింది ఎందుకు? పిల్ల ఆత్మ కోసమా? ఇంట్లో ఇంకొకరు ప్రభువు మనిషైతే తనకి ఇంకో తాడు కట్టినట్టుంటుంది. అదీ అసలు సంగతి. ఆ సంగతి తెలిసినప్పుడు భద్రం బస్సులో నిలబడి ఉన్నాడు. పక్కనున్నాయన లేచి చోటిచ్చాడు, మొహం అంత పాలిపోయింది మరి.

ఆ వారం మధ్యలో ఒక పాత మేడలో పని పడింది. పై అంతస్తులో కంటి డాక్టరు గది ఉంది, పొద్దుట్నుంచీ జనమే. మోటారు పైకెళ్ళి కరెంటు తీసేశాడు. ఆ తర్వాత వాళ్ళ వరస ఒకటి ఉంది. భద్రం తాళంతో బయటి తలుపు తీస్తాడు. ఆ గుమ్మానికి కాస్త కిందుగా ఆగి ఉన్న పెట్టె నెత్తిమీద ఎర్ర బొత్తాం ఉంటుంది. దాన్ని నొక్కితే ఇక ఎవరు పిలిచినా పెట్టె కదలదు. నొక్కి, "ఆపాను" అని కేకేయాలి. పైనుంచి మోటారు "ఆపావు, ఇస్తున్నా" అని అదే మాట తిప్పి చెప్పి అప్పుడు కరెంటు ఇస్తాడు. బావ పెట్టిన కట్టుబాటు ఇది. మాట తిరిగి రానిదే అడుగు పడకూడదు.

భద్రం తలుపు తీసి, షాఫ్టులోకి చూస్తూ నిలబడి, "ప్రభువా, నా కాళ్ళను" అని మొదలుపెట్టాడు. నీ కాళ్ళేనా, ఇంకెవరికీ కాళ్ళు లేవా అని లోపల ఎవరో అడిగినట్టయింది. ఆగాడు. మళ్ళీ మొదటికొచ్చాడు. "నా చేతులను" అన్నాడు. ఈ మాటలు ప్రభువుతో అంటున్నానా, భయంతో అంటున్నానా? పైనుంచి మోటారు, "మామా, ఇంకా ఏ అవయవం దగ్గరున్నావు?" అని కేకేశాడు. సిగ్గేసింది. గబగబా ఆమేన్ అనేసి, వరస మరిచి పెట్టె మీదికి అడుగేసి, వెనక తలుపు లాగాడు. ఆమేన్ తర్వాత నోటికి అలవాటైన మాట దానంతటదే వచ్చేసింది.

"ఆపాను."

"ఆపావు, ఇస్తున్నా."

పెట్టె కదిలింది.

కదులుతోందని ముందు కాళ్ళకి తెలిసింది, తర్వాత బుర్రకి. చేతిలో టార్చి జారి ఎక్కడో పడి ఆరిపోయింది. చీకట్లో గోడ కిందికి జారిపోతోంది, పైకప్పు దూలాలు దిగొస్తున్నాయి. దిగొస్తున్నవి దూలాలు కావు, తనే పైకి పోతున్నాడు. తలుపు వైపు తిరిగి నిలబడ్డాడేమో, బొత్తాం ఎటుందో తెలియడంలేదు. కూలబడి చేత్తో తడిమాడు. జిడ్డు, ఇనుము, తాడు, మళ్ళీ జిడ్డు. తాడు పట్టుకుంటే వేళ్ళు పోతాయని మాత్రం గుర్తుంది. నోరు పెద్దగా అరిచింది. ఏమని అరిచిందో చెవులు విన్నాయి.

"బావా!"

చేతికి బొత్తాం దొరికింది. పెట్టె ఒక్క కుదుపు కుదిపి ఆగింది.

తలెత్తబోతే సిమెంటు తగిలింది. అంత దగ్గరికి వచ్చేసింది. గొంతుక్కూర్చున్నవాడు అలాగే ఉండిపోయాడు. తలుపుకి అవతల పై అంతస్తులో ఎవరో మాట్లాడుకోవడం వినిపించింది.

"వస్తూ వస్తూ ఆగిపోయిందమ్మమ్మా. మళ్ళీ నొక్కనా?" అంటోంది ఒక చిన్నపిల్ల.

"వద్దు తల్లీ. లోపల ఎవళ్ళు ఏం అవస్థ పడుతున్నారో. నాకు కంటికి కట్టుంది, మెట్లు దిగలేను. వచ్చినప్పుడే వస్తుందిలే."

బయట లిఫ్టుని పిలిచే బొత్తాం నొక్కింది ఆ పిల్ల. దానికేం తెలుసు పాపం? నొక్కితే వస్తుందని నమ్మింది, అంతే. భద్రానికి ఉన్నట్టుండి బావ గొంతు గుర్తొచ్చింది. ఎన్నో ఏళ్ళు పక్కన నిలబడి విన్న ప్రార్థన, ఒక్క ఊపిరిలో అయిపోయే ప్రార్థన. 'ప్రభువా, ఇందులో ఎక్కేవాళ్ళందరూ క్షేమంగా దిగాలి.' అంతే ఉండేది. అదీ ఎర్ర బొత్తాం నొక్కాకే నోరు తెరిచేవాడు. అందులో బావ కాళ్ళు లేవు, చేతులు లేవు, బావే లేడు. విన్నన్నాళ్ళూ భద్రానికి ఆ సంగతి తట్టలేదు. ఇన్నేళ్ళ తన ప్రార్థనలో ఎక్కేవాళ్ళు ఒక్కరూ లేరు.

దాని వెనకే ఇంకో ఆలోచన వచ్చింది. అది మొదటిదానికంటే భయంకరమైనది. తన పేరు చెప్పుకోలేదు కాబట్టే బావ పోయాడా?

మోటారు మెట్లమీద పరుగెత్తుకొచ్చి తలుపు తీసి, భద్రాన్ని చంకల కింద పట్టుకుని బయటికి లాగాడు. లిఫ్టు కోసం నిలబడ్డ చిన్నపిల్ల నోరు తెరుచుకుని చూస్తోంది. మోటారు మొహం భద్రం మొహంకంటే తెల్లగా ఉంది.

"ఆపానన్నావు కదా మామా. తిప్పి కూడా చెప్పాను కదా. నీ మాట నమ్మి కరెంటిచ్చాను."

"నోటితో ఆపానురా. చెయ్యి పెట్టలేదు" అన్నాడు భద్రం.

మోటారు గోడకి చేరబడి మెల్లిగా కిందికి జారి కూర్చున్నాడు. వేళాకోళాలన్నీ ఎగిరిపోయాయి. "ప్రార్థన చేసుకున్నావు కదా?" అన్నాడు. వెక్కిరింపు కాదు, అతనికి నిజంగానే తెలుసుకోవాలని ఉంది.

"చేసుకున్నాను."

"మరి?"

భద్రం వెళ్ళి తెరిచి ఉన్న షాఫ్టు తలుపు మూశాడు.

సాయంత్రం ఇంటికి పోకుండా అక్క దగ్గరికి వెళ్ళాడు. ఆవిడ కుట్టుమిషన్ ముందు కూర్చుని తెల్లబట్ట కుడుతోంది. మేనకోడలి బాప్తిస్మం బట్టలు. తమ్ముణ్ణి చూసి మిషన్ ఆపింది.

జరిగింది చెప్పాడు. పిల్ల అడిగిందీ చెప్పాడు. "నేను ఏడ్చి రాలేదక్కా చర్చికి, భయపడి వచ్చాను" అన్నాడు.

"తెలుసురా."

"తెలుసా?"

"తోడబుట్టినదాన్ని, నాకు తెలీదా? ఆ రోజు నీ చేతిలో పాటల పుస్తకం వణుకుతోంది. మనిషి చావుకి ఎవరూ అలా వణకరు." దారం కొరికింది. "భయపడి వచ్చినవాణ్ణి ప్రభువేం మెడబట్టి గెంటడు. వచ్చావు, మంచిదే. వచ్చి ఇన్నేళ్ళూ గుమ్మంలోనే నిలబడ్డావు, చెప్పులు కూడా విప్పకుండా."

భద్రం తల దించుకున్నాడు. "నువ్వెలా నమ్ముతున్నావక్కా? ఆ దేవుడు నీకేం మిగిల్చాడని?"

ఆవిడ కుట్టిన అంచు వేలితో సరిచేసింది. "చాన్నాళ్ళు ఆయనతో మాటల్లేవురా నాకు. వెళ్ళి కూర్చునేదాన్ని, పెదవి కదిపేదాన్ని కాదు. ఎందుకెళ్ళేదాన్నంటే, మానేస్తే మీ బావ చెప్పిందంతా అబద్ధమని ఒప్పుకున్నట్టవుతుందని. అదేం గొప్ప కారణం కాదు. తర్వాత ఎప్పుడో మాటలు కలిశాయి. ఎప్పుడని అడగకు, నాకూ తెలీదు."

"బావ తన పేరు చెప్పుకోలేదని పోయాడా?"

"చెప్పుకుంటే ఉండేవాడా?" అంది అక్క. "నాకు తెలీదురా. నీకూ తెలీదు. తెలియనిదాన్ని తెలిసినట్టు మాత్రం పిల్లకి చెప్పకు." మళ్ళీ మిషన్ తొక్కడం మొదలుపెట్టింది.

శనివారం సాయంత్రం పిల్ల బట్టలు ఇస్త్రీ చేస్తుంటే భద్రం వెళ్ళి పక్కన స్టూలు మీద కూర్చున్నాడు. నీళ్ళు నమిలాడు. చివరికి కక్కేశాడు.

"భయపడి నమ్ముకున్నానమ్మా."

"దేవుడికా?"

"దేవుడికి కూడా కాదు. షాఫ్టుకి." స్టూలు కాస్త దగ్గరికి జరుపుకున్నాడు. "ఇంకోటి ఉంది. నీకు బాప్తిస్మం అని తొందరపడ్డానే, అదీ నాకోసమే. ఇంట్లో ఇంకొకరు ప్రభువు మనిషైతే నాకు ఇంకాస్త గట్టిగా ఉంటుందని."

పిల్ల ఇస్త్రీపెట్టె నిలబెట్టింది. కోప్పడుతుందనుకున్నాడు, పడలేదు. "అయితే మనిద్దరిదీ ఒకటే జబ్బు" అంది.

"నీది నయం. నువ్వు నాకోసం భయపడ్డావు. నేను నాకోసం భయపడ్డాను."

"మరిప్పుడు మానేస్తావా నాన్నా?"

"అదే నాకు అర్థంకావడంలేదు. ఆ రోజు పైకప్పు కింద కూర్చున్నప్పుడు అనుకున్నాను, ఇదంతా ఉత్తిదే, ఇక నీకూ నాకూ చెల్లు అని ఆయనతో చెప్పేద్దామని. చెప్పలేకపోయాను. చెప్పాలనిపించలేదు. అదీ భయమేనేమో. కాదేమో." చేతులు ఒళ్ళో పెట్టుకుని చూసుకున్నాడు. "అంతకుమించి నా దగ్గర లేదమ్మా."

పిల్ల మళ్ళీ ఇస్త్రీపెట్టె అందుకుంది.

ఆదివారం చర్చి వెనక తొట్టెలో నీళ్ళు నింపారు. పిల్లలు వరసగా నిలబడ్డారు. అందరూ తెల్లబట్టల్లో ఉన్నారు, భద్రం కూతురు మాత్రం కాలేజీ బట్టల్లోనే వచ్చింది. తన వంతు రాగానే పాస్టరుగారి దగ్గరికెళ్ళి మెల్లిగా చెప్పింది. ముందు వరసలో కూర్చున్నాడు కాబట్టి భద్రానికి ప్రతి మాటా వినిపించింది.

"నాకింకా తెలీదు అయ్యగారూ. తెలిశాక వస్తాను."

పాస్టరుగారు ఆ పిల్ల మొహం కేసి చూసి, "రా తల్లీ, నేనెక్కడికీ పోను" అన్నారు.

వెనక గుసగుసలు లేచాయి. భార్య భద్రం కేసి కొరకొర చూసింది. పిల్ల వచ్చి తండ్రికీ అత్తకీ మధ్య కూర్చుంది. భద్రానికి ఉన్న తాళ్ళన్నీ ఒక్కసారి వదులైపోయాయి, వదులు చేసింది తనే. అక్క తెల్లబట్టల సంచీ మేనకోడలి ఒళ్ళో పెట్టి, "ఏం పరవాలేదు. అంచులో గుడ్డ మడిచి ఉంచాను, నువ్వు పెరిగినా సరిపోతుంది" అంది.

సోమవారం పొద్దున్న సెలవు పెడదామా అనుకున్నాడు భద్రం. చెప్పులేసుకుంటుంటే పిల్ల వచ్చి గుమ్మానికి ఆనుకుని నిలబడింది.

"భయమేస్తోందా నాన్నా?"

"వేస్తోందమ్మా."

"నాకూ" అంది. "వెళ్తావా మరి?"

"ఆ మేడ పని సగంలో ఉంది. కంటికి కట్టున్నవాళ్ళు మెట్లు దిగుతున్నారు పాపం."

అదే మేడ, అదే తలుపు. తాళంతో తీశాడు. లోపలినుంచి జిడ్డు వాసనతో చల్లగాలి మొహానికి కొట్టింది. వంగి, చెయ్యి చాచి ఎర్ర బొత్తాం నొక్కాడు. నొక్కిన చేత్తోనే మళ్ళీ తడిమి చూసుకున్నాడు.

"ఆపాను."

"చేత్తోనా మామా?" అన్నాడు మోటారు.

"చేత్తోనే."

"ఆపావు, ఇస్తున్నా."

పెట్టె కదల్లేదు. ఇక అడుగేయాలి. భద్రం కళ్ళు మూసుకోకుండానే, "ప్రభువా, ఇందులో ఎక్కేవాళ్ళందరూ క్షేమంగా దిగాలి" అన్నాడు. నాలుక చివరికి తన పేరు వచ్చింది, కాళ్ళూ చేతులూ వచ్చాయి, వాటిని మింగేశాడు. పైకీ కిందికీ చూశాడు, రెండువైపులా చీకటే. తను లేని ఆ ప్రార్థన మరీ చిన్నదిగా ఉంది. అంత చిన్నదాన్ని పట్టుకుని ఎక్కాలంటే వణుకు పుట్టింది. వణుకుతూనే ఎక్కాడు.